చెవిలో చుక్క

తొట్టి దగ్గర నాగులు జీవాల వంతు అందరికన్నా చివరిది. అలా అని ఎవరూ నోటితో అనలేదు. ఉగాది వెళ్ళినప్పటి నుంచీ అతని గొర్రెలు బోరు వైపు మళ్ళగానే ఎవరో ఒకరు తమ మందను అడ్డం తోలేవారు. "కాసేపాగు నాగులూ, ఇవి దూరం నుంచి వచ్చినయ్" అనేవారు. దూరం నుంచి రాని గొర్రెలు ఆ ఊళ్ళో ఏవీ లేవు. పెద్దారవీడు చుట్టుపక్కల పచ్చిక కంటికి కనబడి నెల దాటింది. అందరి జీవాలూ కొండ వార దాకా పోయి, ఎండుకంపలు నాకి, ముక్కుల నిండా దుమ్ముతో తిరిగొచ్చేవే.

ఆ గురువారం కూడా అంతే. అయిదు మందలు తాగి తప్పుకునేసరికి తొట్టిలో జానెడు నీళ్ళు మిగిలాయి. అరవై రెండు గొర్రెలను నీళ్ళు కళ్ళబడే చోట ఆపి నిలబెట్టడం అంటే మాటలు కాదు. నాగులు కర్రను రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని, నాలిక అంగిలికి కొట్టి చప్పుడు చేస్తూ మంద ముందు అటూ ఇటూ నడుస్తున్నాడు. అన్నిటికన్నా ముందున్న ముసలి గొర్రె అతని మోకాలికి తల ఆనించి నెడుతోంది. దాన్ని తిట్టడానికి అతనికి నోరు రాలేదు. దప్పిక దానిది, మర్యాద తనది.

చివరికి వాటి వంతు వచ్చింది. ముందు వరుస మూతులు పెట్టిందో లేదో పైపు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. త్రీఫేస్ కరెంటు పోయింది. వెనక వరుసలు ముందు వరుసల వీపుల మీదికి ఎక్కాయి. రెండు నిమిషాల్లో తొట్టి అడుగున నాచు తప్ప ఏమీ లేదు.

"మళ్ళా ఆరు గంటలకొస్తాది" అన్నాడు శ్రీరాములు, నాగులు మొహం వైపు చూడకుండా.

శ్రీరాములు నాగులు భార్యకు సొంత అన్న. ఊరి మందలన్నీ కలిసి పైకి పోయేటప్పుడు అన్నిటికీ పెద్ద అతనే. చెడ్డవాడు కాదు. చెడ్డవాడై ఉంటే ఈ కథ చెప్పడం నాకు తేలికయ్యేది. తన గొర్రెల కోసం దాచుకున్న బకెట్టు నీళ్ళు తెచ్చి, మాట్లాడకుండా నాగులు దగ్గర పెట్టి, "చంటిపిల్లల తల్లులకు పట్టు" అని తన మంద వెనక వెళ్ళిపోయాడు. ఏడు తల్లులు, ఒక బకెట్టు. నాగులు ఒక్కోదాన్నీ మెడ పట్టి లాగి, పది గుక్కలు లెక్కపెట్టి, మూతి ఎత్తేశాడు.

మర్నాడు పొద్దుగూకే వేళ శ్రీరాములు ఇంటికొచ్చాడు. చెల్లెలు చెన్నమ్మ మంచం వాల్చి మజ్జిగ ఇచ్చింది. అతను తాగుతూ గోడ వైపు చూశాడు. ఒకప్పుడు గంగమ్మకు దీపం పెట్టిన గూట్లో ఇప్పుడు ఫోను ఛార్జింగు పెట్టి ఉంది. పైన మేకుకు ప్రార్థన మందిరం వాళ్ళు ఇచ్చిన క్యాలెండరు. నాలుగేళ్ళుగా చూస్తున్నదే అయినా వచ్చిన ప్రతిసారీ అతని కళ్ళు ముందు ఆ గూట్లోకే పోతాయి.

"మంగళారం గంగమ్మకు కొలుపు" అన్నాడు గ్లాసు కింద పెట్టి. "బుధవారం తెల్లారగట్ల మంద కదుల్తాది. కంభం చెరువు కింద కోతలైపోయినయ్. రైతులు ఒకటే ఫోన్లు చేస్తన్నారు, ఎప్పుడు తోలుకొస్తారని."

నాగులు తల ఊపాడు. కంభం చెరువు కింద ఎండాకాలం ఎట్లా గడుస్తుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. పగలు కోసిన మళ్ళల్లో మేత, కాలవ గుంటల్లో నీళ్ళు. రాత్రికి ఏ రైతు అడిగితే ఆ రైతు చేలో వల కట్టి మంద పెట్టాలి. ఎరువు పడ్డందుకు ఆ రైతు ఇంట్లోనే భోజనం, పోయేటప్పుడు వడ్లు. కానీ అరవై గొర్రెల మందను ఏ రైతూ పిలవడు. ఆరు మందలు కలిసి అయిదొందలైతేనే పిలుస్తారు. వల కట్టడానికి నలుగురు కావాలి, రాత్రి వంతులేసుకుని మేలుకోవడానికి ఇంకో నలుగురు కావాలి. ఒక్కడు వారం రోజులు నిద్ర లేకుండా ఉండలేడు. కుక్కలు ఉంటాయి, దొంగలు ఉంటారు.

"పోయినేడు నన్ను రానిచ్చినారు గదా బావా."

"పోయినేడు నేను మాట చెప్పి రానిచ్చినా. ఏమాయె? పారుడు రోగం పట్టి నలభై జీవాలు పోయినయ్. అందరియ్యీ పోయినయ్, నీయి రెండే."

"నేను పశువులాసుపత్రికి తోలకపోయి టీకా ఏపించినా. మిమ్మల్నీ రమ్మన్నా."

"ఆ మాట నాతో చెప్పు, ఇంటా. కాటమరాజు పెదనాయన ఇంటాడా? ఒక ఇల్లు ఎడంగా ఉంటే తల్లికి కోపం వచ్చిందంటన్నాడు. అందరూ అదే అంటన్నారు." శ్రీరాములు మంచం మీద కాస్త ముందుకు జరిగాడు. గొంతు తగ్గించాడు. "ఇను నాగులూ. నీ యేసయ్యను ఇడ్సిపెట్టమని ఎవురూ అడగల. ఇంటికొక పొట్టేలు. నువ్వూ ఒకటి తోలుకొచ్చి, నుదుట బండారు పెట్టించుకో. తల్లి ముందర పెట్టి తీసిన పసుపు, చిటికెడు. ఇంటికొచ్చి కడుక్కో. ఆదివారం మీ ప్రార్థనకి పో. ఎవురొద్దన్నారు?"

"లేకపోతే?" అంది చెన్నమ్మ గుమ్మంలోంచి.

"లేకపోతే మందలో కలవనియ్యరు. తొట్టికాడ గూడా... అది నా నోటితో చెప్పియ్యొద్దు అమ్మీ."

అతను వెళ్ళాక నాగులు మంచం ఎత్తి గోడకు ఆనించాడు. బెదిరించి ఉంటే నాగులుకు కోపమైనా వచ్చేది. కోపం వస్తే మనిషికి కొంచెం బలం ఉంటుంది. శ్రీరాములు బతిమాలినట్లు చెప్పాడు, తేలిక పని అన్నట్లు చెప్పాడు, నిజానికి తేలిక పనే. చిటికెడు పసుపు. నాగులు తన నుదుటిని వేళ్ళతో ఒకసారి తడుముకున్నాడు. చిన్నప్పటి నుంచి నలభై ఏళ్ళు ఆ పసుపు పెట్టుకున్న నుదురే అది.

ఆదివారం ప్రార్థన పెద్దారవీడులో, రేకుల షెడ్డు కింద. పాస్టరు శ్యాంసన్ మార్కాపురం నుంచి టీవీఎస్ బండి మీద వస్తాడు. ముప్పై ఏళ్ళు ఉండవు. గొర్రెల గురించి అతను చెప్పినన్ని మాటలు ఆ మండలంలో ఇంకెవరూ చెప్పి ఉండరు. గొర్రెను మాత్రం కూరలో తప్ప ముట్టుకున్నవాడు కాదు. ఒకసారి అతను తప్పిపోయిన గొర్రె కోసం మిగతా తొంభైతొమ్మిదిటినీ వదిలేసి వెళ్ళిన కాపరి గురించి చెబుతుంటే, నాగులు ఉండబట్టలేక, "వాటికాడ ఇంకో మనిషి ఉండుంటాడయ్యగారూ, ఒంటి మనిషైతే ఎవురూ అట్ల పోరు" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. శ్యాంసన్ కూడా నవ్వి, ఆ మాట పుస్తకం అంచున రాసుకున్నాడు.

ఈ ఆదివారం అందరూ వెళ్ళిపోయాక, చెన్నమ్మ పక్కన ఉండగా, నాగులు షెడ్డు గుంజ పట్టుకుని నిలబడి జరిగిందంతా చెప్పాడు. శ్యాంసన్ కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడిచాడు.

"నిలబడాలన్నా. ఇట్లాంటప్పుడే నిలబడాలి."

"నేను నిలబడతా అయ్యగారూ. జీవాలు నిలబడవు."

శ్యాంసన్ పుస్తకం తెరవబోయి మళ్ళీ మూశాడు. "మందకి మనుషులు కావాలంటే నేనొస్తా" అన్నాడు. "రాత్రి కాపలా ఉంటా. ఇంకో ఇద్దరిని అడుగుతా." అతనికి కుక్కలంటే భయమని షెడ్డులో అందరికీ తెలుసు. బండి మీద వచ్చేటప్పుడు ఊరి మొదట్లో కుక్క కనబడితే బండి ఆపి హారన్ కొడుతూ నిలబడే మనిషి.

"మీకు అట్ల కుదరదులే అయ్యగారూ" అన్నాడు నాగులు. ఆ మాట అతను ప్రేమగానే అన్నాడు. ఆ తర్వాత ముగ్గురూ మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశారు. శ్యాంసన్‌కు వచ్చిన పని అదొక్కటే, దాన్ని మనసారా చేశాడు. లేచి బయటికొచ్చేసరికి ఎండ అట్లానే ఉంది.

సోమవారం మధ్యాహ్నం ఒక పిల్ల చచ్చిపోయింది. పుట్టి పన్నెండు రోజులు. తల్లికి పొదుగు ఎండిపోయింది. రెండు రోజులుగా చెన్నమ్మ సీసాకు పీక తగిలించి గేదె పాలల్లో నీళ్ళు కలిపి పడుతోంది. ఆ పూట పిల్ల పీక నోట్లో పెట్టుకుంది కానీ చప్పరించలేదు. చెన్నమ్మ దాని గొంతు కింద వేలితో నిమిరింది. గొంతు దిగితే నాలుగు చుక్కలు పోతాయి. పాలు మూతి పక్క నుంచి కారి ఆమె చీర మీద పడ్డాయి. దాన్ని ఒళ్ళోనే పెట్టుకుని ఇంకో పావుగంట అట్లానే నిమురుతూ కూర్చుంది. తర్వాత గంప కింద పెట్టి లేచింది.

నాగులు గొయ్యి తీసి పూడ్చి వచ్చేసరికి ఆమె నల్లమూతి పొట్టేలును గుంజకు కట్టి, కాళ్ళకు అంటిన పేడ తుడుస్తోంది. రెండేళ్ళ పొట్టేలు. తెల్లటి ఒళ్ళు, మూతి మీద, కళ్ళ చుట్టూ నలుపు. తల్లి చచ్చిపోతే అదే సీసాతో ఆమె పెంచింది. మందలో ఎదిగిన, వంక లేని పొట్టేలు అదొక్కటే.

"ఏంది?" అన్నాడు నాగులు.

"రేపు దీన్ని తోలకపో."

"యాడికి?"

"యాడికో నీకు తెలీదా." ఆమె తల ఎత్తలేదు. తడిగుడ్డ పిండి మళ్ళీ తుడిచింది. "బండారు పెట్టించుకోనిరా. ఇంకా ఆరు పిల్లలున్నయ్ దొడ్లో. వాటికేం తెలుసు, ఎవరి దేవుడు ఎవరని."

నాగులు ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఆ షెడ్డుకి నన్ను తీసకపోయింది నువ్వు."

"తీసకపోయినా. నేనే పొమ్మంటన్నా."

"మొన్నటిదాకా ఇంటిముందర నిలబడి పాటలు పాడినావు. మీ వదినె ఆ షెడ్డోళ్ళ ఇళ్ళల్లో అన్నం తినొచ్చినావని నీకు చెంబు ఇయ్యకపోతే, ఇయ్యకపోతే పోనీ అన్నావు."

"అన్నా. నాకు ఇయ్యకపోతే పోనీ. గొర్రెపిల్లకి ఇయ్యకపోతే ఎట్ల పోనియ్యను?" ఆమె పొట్టేలు ముందు కాలు ఎత్తి గిట్టల మధ్య తుడిచింది. "ఆయనకి తెలుసులే. అన్నీ తెలిసినోడు గదా, ఇది తెలీదా. నువ్వు పో."

నాగులు లేచి దొడ్డి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. అతని మనసు తేలికైపోయింది. ఇది దాచి లాభం లేదు. నాలుగు రోజులుగా గుండెల మీద ఉన్న బరువును ఆమె ఒక్క మాటతో తీసేసింది. ఇక తప్పు ఎవరిదైనా తన ఒక్కడిది కాదు. ఆ తేలికతనానికి సిగ్గు కూడా వేసింది. సిగ్గు వేసినా ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు.

గంగమ్మ రాయి ఊరికి పడమట, తంగేడు పొదల మధ్య. మంగళవారం పొద్దున తొమ్మిదింటికే ఎండ చురచురలాడుతోంది. రాయికి పసుపు పూసి, వేపమండలు కట్టి, ముందు పొంగలి కుండలు దించారు. డప్పులు గట్టిగా మోగుతున్నాయి. నాగులు పొట్టేలును తాడుతో పట్టుకుని వస్తుంటే ఆడవాళ్ళు దారి ఇచ్చారు. ఒకరిద్దరు నవ్వారు; ఎగతాళి నవ్వు కాదు, ఇంటికి వచ్చినవాణ్ణి చూసి నవ్వే నవ్వు. శ్రీరాములు ఎదురొచ్చి అతని భుజం మీద చెయ్యేసి గట్టిగా నొక్కాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాగులుకు ఆ చెయ్యి ఎంత హాయిగా ఉందో చెప్పలేం. నాలుగేళ్ళలో ఆ భుజం మీద ఎవరూ అట్లా చెయ్యి వెయ్యలేదు.

కొలుపు జరిపించే కాటమరాజు ముసలాయన రాయి పక్కన పీట మీద కూర్చున్నాడు. ఎనభై దాటి ఉంటాయి. నాగులు ముందు వంగాడు. ముసలాయన పళ్ళెంలోంచి బండారు తీసి, వణికే బొటనవేలితో అతని నుదుటి మీద అడ్డంగా రాశాడు. నాగులు కళ్ళు మూసుకున్నాడు. ఏదో అవుతుందనుకున్నాడు. ఏమీ కాలేదు. వేలు గరుకుగా తగిలింది, పసుపు రజను కనురెప్పల మీద రాలింది, అంతే. దేవుడు చూస్తున్నాడో లేదో గాని, చూస్తుంటే, ఇది వాళ్ళు పెట్టింది ప్రభువా అనుకున్నాడు. నేను ఊరికే వంగినా.

ఇంక పొట్టేళ్ళు. అక్కడి పద్ధతి ఏమిటంటే, పొట్టేలును రాయి ముందు నిలబెట్టి మెడ నుంచి తోక దాకా నీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్లు. విదిలించకపోతే మళ్ళీ పోస్తారు. మూడుసార్లు పోసినా విదిలించకపోతే ఆ పొట్టేలును, అది తెచ్చిన ఇంటిని తల్లి ఒల్లనట్లే. అట్లా ఒల్లకపోవడం నాగులు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ జరగలేదు. ఎందుకు జరగలేదో గొర్రెలు కాసే ప్రతి మనిషికీ తెలుసు. పొట్టేలు మొండికేస్తే తెచ్చినవాడే నీళ్ళు సర్దుతున్నట్లు చెయ్యి పెట్టి, చెవిలో ఒక చుక్క పడేస్తాడు. చెవిలో చుక్క పడితే ఏ జీవమైనా తల దగ్గర మొదలుపెట్టి తోక దాకా ఒళ్ళంతా విదిలిస్తుంది. ఇది మోసమని ఎవరూ అనుకోరు. చుక్క మనది, విదిలింపు తల్లిది అనుకుంటారు.

అయిదు పొట్టేళ్ళూ మొదటి చెంబుకే విదిలించాయి. ఒక్కోటి విదిలించినప్పుడల్లా జనం కేకపెట్టారు, డప్పులు వేగం అందుకున్నాయి. నాగులు వంతు చివరిది.

శ్రీరాములే చెంబు ఎత్తి పోశాడు. నల్లమూతి కదల్లేదు. నీళ్ళు దాని వీపు మీద నుంచి రెండు పక్కలా జారి కింద మడుగు కట్టాయి. రెండో చెంబు. నాలుగు కాళ్ళూ నేలలో పాతేసినట్లు నిలబడింది. కళ్ళు మాత్రం నాగులు మీద ఉన్నాయి. డప్పులు మెల్లగా తగ్గి, ఒక్కటొక్కటే ఆగిపోయాయి. అంతసేపూ వినబడని పిట్ట కూత ఒకటి వినబడింది.

శ్రీరాములు మూడో చెంబు ముంచి, పొయ్యకుండా, నాగులు పక్కకు వంగాడు. "చెవిలో ఒక చుక్క ఎయ్యి" అన్నాడు గొణిగినట్లు. "బెదిరింది అది. ఎయ్యి."

నాగులు దోసిలి పట్టాడు. శ్రీరాములు అందులో కాసిన్ని నీళ్ళు వంచాడు. అతను ఎడం చేత్తో పొట్టేలు చెవి మడిచి పట్టుకున్నాడు. వేడిగా, మెత్తగా ఉంది చెవి. లోపల నరం కొట్టుకుంటోంది. కుడి అరచేతిలో నీళ్ళు.

చుట్టూ ఉన్నవాళ్ళంతా అటూ ఇటూ చూస్తున్నారు. చూడనట్లు ఉండటం కూడా అక్కడి పద్ధతే. కాటమరాజు కూడా కళ్ళు దించుకుని పళ్ళెంలో పసుపు సర్దుతున్నాడు. అందరూ అతనికి వాకిలి తెరిచి, తలలు తిప్పుకుని నిలబడ్డారు. ఒక్క చుక్క.

పొట్టేలును వాళ్ళు అడిగారు. బండారు వాళ్ళు పెట్టారు. ఈ చుక్క మాత్రం తనే వెయ్యాలి. ఇది వేస్తే తనను ఎవరో వంచినట్లు కాదు, తనే ఒప్పుకోలు తయారు చేసి ఇచ్చినట్లు. ఇందులో గొప్ప ధైర్యమేదో ఉందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ క్షణాన అతనికి ప్రార్థనా గుర్తుకు రాలేదు, షెడ్డూ గుర్తుకు రాలేదు. భయం వేసింది, అంతే. చిన్నప్పుడు ఈ రాయి ముందు వాళ్ళ నాయన పక్కన నిలబడి వణికిన భయమే. ఆమె నిజంగా ఉంటే ఆమె ముందు అబద్ధం. ఆమె లేకపోతే, ఉన్నవాడి ముందు అబద్ధం. ఏ పక్క చూసినా అబద్ధమే. చెయ్యి చెవి దాకా పోయి ఆగింది. వేళ్ళు వాటంతట అవే విడివడ్డాయి. నీళ్ళు ధారగా కారి అతని పాదాల మీద పడ్డాయి.

"నా వల్ల కాదు బావా."

"ఎవురు చూస్తన్నారు నాగులూ? ఎయ్యి."

"మా యేసయ్యకు ఎట్నో అబద్ధం చెప్పి ఈడిదాకా వచ్చినా" అన్నాడు నాగులు. అతనికి ఏడుపు వస్తోంది. "మీ తల్లికి గూడా చెప్పమంటే నా చాతకాదు."

శ్రీరాములు కాసేపు అతని మొహంలోకి చూశాడు. తర్వాత మూడో చెంబు పోశాడు. పోస్తున్నప్పుడు తనే ఆ చుక్క వేద్దామా అన్నట్లు అతని చెయ్యి చెవి దగ్గర ఒక్క క్షణం ఆగింది. కానీ తెచ్చినవాడు వెయ్యాల్సింది ఇంకొకరు వెయ్యకూడదు. నీళ్ళు వీపు మీద నుంచి జారిపోయాయి. నల్లమూతి కదల్లేదు.

"ఒల్లలేదు" అన్నాడు కాటమరాజు. ఆయన గొంతులో కోపం లేదు. ఆయన ఆ మాట అనాల్సి వచ్చినందుకు బాధపడ్డట్లే ఉన్నాడు. "తోలకపో నాయనా."

నాగులు తాడు పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఇందాక దారి ఇచ్చిన ఆడవాళ్ళే మళ్ళీ దారి ఇచ్చారు, ఈసారి కాస్త ఎక్కువ ఎడంగా.

చెన్నమ్మ వాకిట్లో నిలబడి ఉంది. పొట్టేలు తిరిగి రావడం చూసి మొదట ఆమె మొహం వెలిగింది. తర్వాత దాని అర్థం తెలిసి వెలుగు పోయింది.

"ఏమాయె?"

"ఇదిలించల."

"చెవిలో ఎయ్యలా?"

"ఎయ్యల."

తిడుతుందేమోనని అతను ఎదురుచూశాడు. తిట్టినా బాగుండు అనుకున్నాడు. ఆమె పొట్టేలును లాక్కుపోయి, తాగడానికి దాచిన కుండలోంచి ఒక చెంబు ముంచి, దాని కొమ్ముల మీద, వీపు మీద పూసిన పసుపు కడగడానికి పోసింది. నల్లమూతి మూతి పైకెత్తి, తల దగ్గర మొదలుపెట్టి తోక దాకా ఒళ్ళంతా విదిలించింది. ఇద్దరి మీదా పసుపు నీళ్ళు పడ్డాయి.

చెన్నమ్మ చెంబు పట్టుకుని అట్లానే నిలబడిపోయింది. "ఇప్పుడు ఇదిలిస్తాది" అంది.

"ఆడ డప్పులకు బెదిరింది. బెదిరిన జీవం ఇదిలించదు, బిగదీసుకుంటాది." గొర్రెల కాపరిగా అతను చెప్పగలిగింది అదే. చెబుతుంటే నవ్వొచ్చింది. నవ్వుతూ గుంజకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నవ్వు కొంచెంసేపటికి వేరేదైపోయింది. చెన్నమ్మ దగ్గరికొచ్చి తడి చేత్తో అతని నుదురు తుడిచింది. మళ్ళీ కొంగుతో తుడిచింది. ఎంత తుడిచినా పసుపు చాయ అట్లానే ఉండిపోయింది.

బుధవారం ఇంకా వెలుగు రాకముందే గంటలు వినబడ్డాయి. అయిదు మందలూ కలిసి వాళ్ళ దొడ్డి పక్క బాట మీదుగానే పోవాలి. మార్కాపురం మీదుగా తర్లుపాడు, అక్కడి నుంచి కంభం. రెండు రోజుల నడక. ప్రతి ఏడూ ఆ గంటలు వినబడగానే నాగులు దొడ్డి కంప తీసేవాడు, అతని గొర్రెలు వరదలో వాగు కలిసినట్లు మందలో కలిసేవి.

గొర్రెలకు ఆ సంగతి గుర్తుంది. గంటలు దగ్గరికి రాగానే అరవైయ్యొక్కటీ లేచి కంప మీదికి వచ్చాయి. ముసలి గొర్రె ముందు, దాని వెనక తల్లులు, పిల్లలు. ఒకటే అరుపులు. బాట మీది మంద నుంచి కూడా జవాబు అరుపులు. నాగులు కంపకు భుజం ఆనించాడు. చాలలేదు. చెన్నమ్మ పరిగెత్తుకొచ్చి రెండో పక్క పట్టుకుంది. ముళ్ళు ఆమె అరచేతుల్లోకి దిగుతున్నా వదల్లేదు. రెండు చేతుల దూరంలో శ్రీరాములు మంద వెంట నడిచి వెళ్ళాడు. తల తిప్పలేదు. గొంగళి ముసుగు ఇంకొంచెం ముందుకు లాక్కున్నాడు.

గంటలు దూరమైపోయి, దుమ్ము కిందికి దిగి, వెలుగు వచ్చింది. గొర్రెలు కంపను నెట్టడం మానాయి కానీ అరవడం మానలేదు. చెన్నమ్మ అరచేతిలో ముళ్ళు ఒక్కోటి పళ్ళతో పీక్కుంది.

"నువ్వు ఏసుంటే బాగుండు" అంది.

"ఊఁ" అన్నాడు నాగులు.

"ఎయ్యలేదు గదా" అంది కాసేపటికి. ఆ మాటలో నిష్ఠూరం ఉందో ఇంకేమైనా ఉందో అతను అడగలేదు. ఆమె లోపలికి పోయి, ఎప్పుడూ పట్టని గొర్రెల కర్ర ఒకటి చూరులోంచి తీసి పట్టుకొచ్చింది. "పద. నువ్వు ముందర నడువు. నేను ఎనక తోలుకొస్తా."

ఇద్దరూ మందను బోరు వైపు తోలారు. అక్కడ ఎవరూ లేరు. తొట్టి నిండుగా ఉంది. నిండి పొర్లి, చుట్టూ నేల కూడా తడిసి నల్లబడి ఉంది. బోరు ఇంకా పోస్తూనే ఉంది. స్టార్టరు పెట్టె తాళంచెవి, ఎప్పుడూ శ్రీరాములు మొలతాడుకు ఉండేది, పెట్టె పక్క మేకుకు వేలాడుతోంది.

"అన్న ఏసి పోయినాడు" అంది చెన్నమ్మ.

నాగులు ఆ తాళంచెవి వైపు చూశాడు. నీళ్ళు ఉన్నాయి. మేత లేదు. వారం, మహా అయితే పది రోజులు. ఆ తర్వాత ఏమిటో అతనికి తెలియదు, ఎవరిని అడగాలో కూడా తెలియదు. శ్యాంసన్ వస్తాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటాడు, మోకాళ్ళ మీద కూర్చుంటాడు. రానీ. అతనైనా వస్తాడు.

అతను మంద ముందు నుంచి పక్కకు తప్పుకున్నాడు. ఉగాది తర్వాత మొదటిసారి అడ్డంగా ఏ మందా లేదు. కర్ర కిందికి దించి నిలబడ్డాడు.

ఒక్క గొర్రె కూడా తొట్టి దగ్గరికి రాలేదు. అన్నీ వెనక్కి తిరిగి, గంటలు పోయిన బాట వైపు మూతులెత్తి అరుస్తున్నాయి. మోకాలికి తల ఆనించే ముసలి గొర్రె కూడా అటే చూస్తోంది. చెన్నమ్మ ముళ్ళు దిగిన చేతిని తొట్టిలో పెట్టి నీళ్ళు చప్పుడయ్యేట్లు కదిపింది.

నాగులు ప్రార్థన చేద్దామనుకున్నాడు. మాటలు రాలేదు. నాలిక అంగిలికి కొట్టి గొర్రెలను పిలిచాడు. రాలేదు. మళ్ళీ పిలిచాడు.